ఎవరూ పిలవని పని

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చదునైన నేల మీద, చేల నడుమ మూడు గుంతలు ఉండేవి. పైనుంచి చూస్తే పాడుబడ్డ బావుల్లా ఉండేవి. 1988 దాకా చుట్టుపక్కల చెత్త తెచ్చి వాటిలో పోసేవాళ్లు. ఆ చెత్త కింద 3,229 మీటర్ల పొడవున బెలుం గుహలున్నాయి. మన దేశంలో జనం లోపలికి వెళ్లి చూడగలిగే గుహల్లో పొడవులో ఇవి రెండోవి. కొండల్లో కాకుండా మైదానంలో ఉన్నవాటిలో అయితే వీటిదే మొదటి స్థానం.

ఇవాళ టికెట్టు తీసుకుని మెట్లు దిగేవాళ్లలో చాలామందికి ఎం. నారాయణరెడ్డి పేరు తెలియదు. ఆయన పోలీసు శాఖలో అధికారిగా పనిచేసి రిటైరైన మనిషి. ఈ గుహలను కాపాడాలని, నలుగురూ వచ్చి చూసే చోటుగా మార్చాలని పట్టుబట్టిన స్థానికుల్లో ముందు నిలబడ్డవాడు. ఆ పట్టు ఏళ్ల తరబడి సాగింది. 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ గుహలను చేతిలోకి తీసుకుంది. దారులు వేశారు, దీపాలు పెట్టారు, లోపలికి గాలి ఆడే ఏర్పాటు చేశారు. 2002 ఫిబ్రవరిలో జనాన్ని రానిచ్చారు.

అరవై దాటినవాళ్లు చాలామంది నన్ను ఒకటే అడుగుతారు. ‘పిల్లలు స్థిరపడ్డారు, ఉద్యోగం అయిపోయింది, ఇక నేను దేనికి?’ అడిగే తీరు మాత్రం మనిషికో రకం. కొందరు నవ్వుతూ అడుగుతారు, కొందరు అడగడానికి సిగ్గుపడి ఆరోగ్యం సంగతి మాట్లాడతారు. వీళ్లకు మన పుస్తకాలు, ఉపన్యాసాలు ఇచ్చే జవాబు ‘మీ లోపలికి చూసుకోండి, మీ జీవిత లక్ష్యం అక్కడే దొరుకుతుంది’ అని. నా అనుభవం ఇందుకు భిన్నం. లోపలికే చూస్తూ కూర్చున్నవాళ్లకు పాత మనస్తాపాలు దొరికాయి, రాని ప్రమోషన్లు దొరికాయి, తమ్ముడితో పొలం తగాదా దొరికింది. లక్ష్యం దొరికినవాళ్లు తక్కువ. నారాయణరెడ్డి గారి లాంటివాళ్లు చూసింది బయటికి. కళ్లెదుట ఒకటి పాడైపోతోంది, దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. అంతే, అది తమ పని అనుకున్నారు.

ఈ నంద్యాల సీమకే చెందిన మలివయసు కథలు ఇంకో రెండున్నాయి. వాటిని దేశమంతా చెప్పుకుంటుంది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఓడిపోయాక నీలం సంజీవరెడ్డి అనంతపురం వెళ్లిపోయి సేద్యం చూసుకున్నారు. ఆయన రాజకీయం ముగిసిందనే అందరూ అనుకున్నారు. 1977లో నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో కాంగ్రెస్ కాని అభ్యర్థి గెలిచింది అదొక్కటే. అదే ఏడాది స్పీకరయ్యారు, జులైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 64. పి.వి. నరసింహారావు అయితే 1991 ఎన్నికల్లో పోటీ చేయకుండా ఢిల్లీ వదిలి వెళ్లే ఏర్పాట్లలో ఉన్నారు. రాజీవ్ గాంధీ హత్య తరువాత పిలుపు వచ్చింది. డెబ్బయ్యో పుట్టినరోజుకు వారం ముందు ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో 5 లక్షలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

గొప్ప కథలే, కాదనను. కానీ వాటిని చూపించి ‘మీరూ అలా లేవండి’ అంటే అది మనకు పనికొచ్చే సలహా కాదు. అవి పిలుపు వచ్చినవాళ్ల కథలు. మనలో నూటికి తొంభై తొమ్మిది మందికి ఆ పిలుపు రాదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి 62 ఏళ్లకు దిగిపోయాక మర్నాటి నుంచి ఫోన్ మోగడం తగ్గుతుంది, ఆరు నెలలకు దాదాపు ఆగిపోతుంది. పిలుపు కోసం కాచుకున్నవాడు ఆ నిశ్శబ్దానికి లోపల కుంగిపోతాడు. బెలుం కథ నాకు విలువైనది అందుకే. నారాయణరెడ్డి గారిని ఎవరూ పిలవలేదు. చెత్తగుంత ఎవరినీ పిలవదు.

మీ పని ఏదో తెలుసుకోవడానికి ఒక దారి చెబుతాను. ‘ఎవరూ పట్టించుకోరేం’ అని మీరు తరచూ దేని గురించి అంటారో గమనించండి. నెల రోజులు గమనించండి, ఇంట్లోవాళ్లను అడగండి, వాళ్లకు మీకంటే బాగా తెలుస్తుంది. ఒకాయన ఊరి దిగుడుబావి పూడిపోయిందని ఎప్పుడూ అంటుంటాడు. ఒకామె ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు సామాను పెట్టెల్లోంచి తీయనే తీయలేదని అంటుంది. ఇంకొకరికి గుడి గోడ మీద శాసనానికి సున్నం కొట్టేశారని బాధ. శాఖా గ్రంథాలయానికి తాళం వేసి ఉందని ఒకరికి కోపం. నలభై ఏళ్లుగా అందరూ ఆ దారిన పోతుంటే మీకొక్కరికే అది గుచ్చుకుంటోందంటే, అది మీ పనే. ఫిర్యాదుగా ఉన్నంతకాలం అది మిమ్మల్ని తింటుంది. పనిగా చేతిలోకి తీసుకున్న రోజు నుంచి మిమ్మల్ని నిలబెడుతుంది.

మా మేనమామ సంగతి చెప్పాలి. ఆళ్లగడ్డలో ఉంటాడు. కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి దిగిపోయాడు. వానలో స్తంభం ఎక్కి ఊరికి వెలుగు తెచ్చినవాడు, రిటైరయ్యాక ఇంట్లో గది గదికీ తిరిగి స్విచ్చులు ఆర్పుతూ అందరినీ కసురుకునేవాడు. అత్తకు ఊపిరాడేది కాదు. ‘మామా, యాడికన్నా పోయి రాకూడదా’ అంటే ‘యాడికి పోవల్ల? నన్నెవరు రమ్మన్నారు?’ అనేవాడు. ఆయన నోట ఎప్పుడూ వచ్చే ఫిర్యాదు ఒకటుండేది. ముసలోళ్లు బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి రావడమేమిటని.

ఇప్పుడు ఏటా నవంబరు వచ్చిందంటే మామ వరండా నిండిపోతుంది. పింఛను తీసుకునేవాళ్లు ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం ఆయన తన ఫోన్లోనే చేసి ఇస్తాడు. నేనక్కడ ఉండగా ఒక అవ్వ వచ్చింది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు, కుటుంబ పింఛను వస్తుంది. ఆమె తన వయసంతా నాపరాళ్ల గనుల్లో పనిచేసింది. ఆ పనిలో వేళ్ల గీతలు అరిగిపోతాయి, వేలిముద్ర పరికరానికి ఏమీ దొరకదు. ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది. బొటనవేలు మొదలు చిటికెన వేలు దాకా ఒక్కొక్కటే పైటకొంగుతో తుడుచుకుని చూపిస్తూ ‘ఒగటీ పడల్యా నాయనా’ అంది. మామ స్టూలు తెచ్చి వెలుతురు పడే చోట వేశాడు. ఫోన్ కెమెరాను తువ్వాలుతో తుడిచాడు. ‘వేళ్లతో పన్లేదవ్వా, మొగం చూపితే సాలు. ఇట్ల సూడు. కన్ను మూసి తెరువు’ అన్నాడు. ఆమె రెండు కళ్లూ గట్టిగా మూసి అలాగే ఉండిపోయింది. ‘తెరువవ్వా, తెరువు’ అని మళ్లీ చెప్పాడు, మళ్లీ. నాలుగోసారికి అయింది. ‘ఈ యాడాదికి నువ్వు బతికే ఉండావని గవర్నమెంటు ఒప్పుకునింది’ అన్నాడు, ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది.

మా మామ ఈ పాఠాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. కానీ ఇంట్లో స్విచ్చుల గొడవ ఎప్పుడు ఆగిపోయిందో అత్తకే గుర్తు లేదు. లోపలి ఎదుగుదల అంటే నాకు తెలిసిన అర్థం ఇదే. మామ దాన్ని విడిగా సాధన చేసి తెచ్చుకోలేదు. నాలుగుసార్లు ఒకే మాట విసుక్కోకుండా చెప్పాల్సిన పని ఒకటి నెత్తిన వేసుకున్నాడు, ఓర్పు ఆ పని వెంటే వచ్చింది.

ధ్యానం వద్దని నేననడం లేదు. బెలుం గుహల్లో ప్రవేశద్వారానికి దగ్గరలోనే ధ్యానమందిరం అనే చోటు ఉంది. రాయి సహజంగా పడక ఆకారంలో, తలవైపు దిండులా ఎత్తుగా ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారనడానికి దొరికిన అవశేషాలను అనంతపురం మ్యూజియంలో ఉంచారు. అక్కడ నిలబడినప్పుడు ఒక సంగతి నన్ను పట్టుకుంటుంది. భిక్షువు వండుకోకూడదు, దాచుకోకూడదు. ఏ రోజుకారోజు ఊళ్లోకి వెళ్లి భిక్ష తెచ్చుకోవాలి. అంటే ఎంత లోతు గుహలో కూర్చున్నా రోజూ పైకి రావాలి, రైతు ఇంటి ముందు నిలబడాలి. లోపలి వెతుకులాటకు బయటి మనుషులతో ముడి తెగిపోకూడదని ఆ నియమం పెట్టినవాళ్లకు బాగా తెలుసు. మనం రిటైరయ్యాక ఆ ముడి తెంపుకుని పూజగదిలో కూర్చుంటే, మనసు శాంతించడం పోయి మరింత చిరాకు పడుతుంది. మనవడు తలుపు తోసుకు లోపలికొస్తే కసురుకునే జపం ఎవరికి లాభం?

ఇక మరో సంగతి: మళ్లీ విద్యార్థి కావడం. ఇది చాలామందికి మింగుడుపడదు. ముప్పై ఏళ్లు ఇతరులకు చెప్పినవాళ్లం కదా, అడిగి తెలుసుకోవడానికి నోరు రాదు. కానీ ఉద్యోగం దిగాక కూడా విద్యార్థిలాగే పనిచేసినవాళ్లున్నారు. బెలుం గుహలను 1884లో తన రికార్డుల్లోకి ఎక్కించిన రాబర్ట్ బ్రూస్ ఫూట్‌కు అప్పుడు యాభై ఏళ్లు. భారత భూవిజ్ఞాన సర్వేలో ఉద్యోగి. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతియుగం పనిముట్టును గుర్తించి మన దేశపు చరిత్రకు పూర్వపు అధ్యాయాన్ని తెరిచింది ఆయనే. 1891లో రిటైరయ్యాడు. ఆ తరువాత బరోడా సంస్థానానికీ మైసూరుకూ భూవిజ్ఞానిగా పనిచేశాడు. ఏర్కాడులో స్థిరపడ్డాడు. జీవితమంతా ఏరిన రాతి పనిముట్లు, కుండ పెంకుల సేకరణ 1904లో మద్రాసు మ్యూజియానికి చేరింది. అప్పటికి ఆయనకు డెబ్బై. అక్కడితో చేతులు దులుపుకోకుండా, ఒక్కొక్క వస్తువుకూ ఎక్కడ దొరికింది, ఏమిటి అని జాబితా రాయడానికి కూర్చున్నాడు.

మన గిడుగు రామమూర్తి పంతులు గారిని తీసుకోండి. పర్లాకిమిడిలో ఉద్యోగం 1911లో వదిలారు. ఈనాడు ఆయన్ని ఏ పనికి తలచుకుంటున్నామో, ఆ వ్యావహారిక భాషోద్యమం ఊపందుకున్నది ఆ తరువాతే. ‘తెలుగు’ పత్రిక పెట్టినప్పుడు, 1919లో, ఆయనకు 56. సవర గిరిజనుల భాష మీద ఆయన పుస్తకం 1931లో అచ్చయ్యేనాటికి డెబ్బైకి దగ్గరపడ్డారు. సవరల భాష నేర్చుకోవడమంటే పంతులు గారు శిష్యుడిగా కూర్చోవడం, సవర మనిషి గురువు కావడం. వయసులోనే మొదలుపెట్టిన ఆ శిష్యరికాన్ని ఆయన ముసలితనంలో కూడా వదల్లేదు.

మీకు ఎనభై ఏళ్లు రానీ, నేర్పేవాడి వయసు పద్దెనిమిది కానీ, ‘నాయనా, ఇది నాకు తెలియదు, చూపించు’ అనగలిగితే చాలు. మా మామకు ఆ ఫోన్ విద్య నేర్పింది సందు చివర జిరాక్స్ షాపు కుర్రాడు.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు రిటైర్మెంటు అనేదే లేదు. ఉద్యోగం చేసి దిగిన ఆమెకు మర్నాడే వంటగది పూర్తికాలపు ఉద్యోగం అవుతుంది, ఆ పైన మనవల బాధ్యత, కొడుకు అమెరికాలో ఉంటే ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. ‘నీకింకేం పని’ అని ఇంట్లోవాళ్లే అంటారు. నేనిలా అంటున్నందుకు కొందరు అన్నలు, బావలు కోపగించుకోవచ్చు గానీ, భర్త రిటైరయ్యాక మొదట చేయాల్సిన మంచిపని భార్యకు రోజులో మూడు గంటలు విడిచిపెట్టడం. కాఫీ తనే కలుపుకోవాలి, మనవణ్ని తనే బడి నుంచి తేవాలి. ఆ మూడు గంటలు ఆమె ఏం చేస్తుందో అడక్కూడదు.

చిలుకూరి శాంతమ్మ గారిని చూడండి. 1929లో మచిలీపట్నంలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ బోధించి 1989లో, అరవై ఏళ్లకు రిటైరయ్యారు. బోధన మాత్రం ఆపలేదు. తొంభై దాటాక కూడా, మోకాళ్లకు ఆపరేషన్లు అయ్యాక చేతికర్రల సాయంతో, విశాఖపట్నం నుంచి విజయనగరంలోని సెంచూరియన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పాఠం చెప్పారు. పెద్ద చదువు ఉంటేనే ఇది సాధ్యమనుకుంటే, గుంటూరు జిల్లా మస్తానమ్మ గారికి పెద్ద చదువేమీ లేదు. నూరేళ్లు దాటాక, ఇంటి కుర్రాడు, అతని స్నేహితుడు కలిసి ఆమె పొలం గట్టున వండే వంటను కెమెరాలో పట్టి యూట్యూబ్‌లో పెట్టారు. ఆ వంటలను లక్షల మంది చూశారు. 2018లో ఆమె కన్నుమూశారు. తన చేతిలో ఉన్న విద్యనే ఆమె పదిమంది ముందుకు తెచ్చారు, అంతకు మించి కొత్తగా ఏదీ నేర్చుకోవాల్సి రాలేదు.

మళ్లీ బెలుం దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ కథలో ఇంకో పాఠం మిగిలింది. ఫూట్ 1884లో చూసి రాశాడు. ఆ తరువాత దాదాపు నూరేళ్లు గుహల జోలికి ఎవరూ వెళ్లలేదు. 1982, 83లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపల పాకుతూ, కొలుస్తూ పటం గీసింది. ఆయన పేరు మీద లోపల గెబావర్ హాలు ఉంది. ఆ బృందం వెంట నడిచి సాయపడ్డ స్థానికుల్లో చలపతిరెడ్డి, రామస్వామిరెడ్డి లాంటివాళ్లున్నారు. అయినా ఆ తరువాత కూడా చెత్త పడుతూనే ఉంది. గొప్ప పండితుడు గుర్తించడం, విదేశీయులు కొలవడం, ఇవి రెండూ జరిగినా గుంత గుంతగానే ఉంది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు కాబట్టి. మార్పు వచ్చింది అక్కడే ఉండేవాళ్లు పూనుకున్నాక. మీ ఊరి పని మీరే చేయాలనడానికి ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

అక్కడే ఉండేవాళ్లకు మరో బలం ఉంది, తీరిక. ముప్పై ఏళ్లవాడు ఒక ఆఫీసుకు రెండుసార్లు తిరిగి మానేస్తాడు, వాడికి పొట్టకూటి పని ఉంది. అరవై అయిదేళ్లవాడు ఇరవై సార్లు తిరగగలడు. ఈ తీరికను మనం శిక్షగా అనుకుంటున్నాం గానీ, ఊరికి అదే పెద్ద ఆస్తి. అయితే ఒక చిక్కుంది. ఒకప్పుడు తన గది ముందు జనం నిలబడిన మనిషికి, ఇప్పుడు తనే అర్జీ పట్టుకుని ఇంకొకరి గది ముందు నిలబడటం కష్టం. అటెండరు ‘కూర్చోండి’ అనకపోవచ్చు. తన కొడుకు వయసు అధికారి తలెత్తి చూడకపోవచ్చు. పాత హోదా గుర్తొచ్చి గొంతు లేచిందంటే పని చెడుతుంది. నా కోసం వచ్చానా, ఆ బావి కోసం వచ్చానా అని ఒక్క క్షణం తనను తాను అడిగితే గొంతు దానంతట అదే దిగుతుంది. అహంకారాన్ని తగ్గించుకోవడానికి దీనికి మించిన సాధన నాకు కనబడలేదు. అది నెలల తరబడి జరుగుతుంది, చూసేవాళ్లకు ఎవరికీ కనపడదు.

పని జరిగే పద్ధతి కూడా చెప్పుకుందాం, ఉత్త ఉత్సాహంతో ఏదీ కదలదు. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఏం పాడైంది, ఎక్కడ, ఏం చేస్తే బాగవుతుంది, ఎవరు చేయాలి, ఇంతే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. కోపంగా అడగక్కర్లేదు, అడిగితే చాలు. ప్రతి కాగితానికీ నకలు ఉంచుకుని తారీఖు వారీగా ఒకే ఫైల్లో పెట్టండి. ఫొటోలు తీయండి, ఈ నెలా వచ్చే నెలా అదే చోట నిలబడి తీయండి.

ఒంటరిగా మాత్రం వెళ్లకండి. ఇద్దరు చాలు. ఒకరు మీకంటే పదేళ్లు చిన్నవాళ్లు కావాలి, ఒకరు మీ వీధీ, మీ కులమూ, మీ పార్టీ కాని, మీరు రోజూ కలవని మనిషి కావాలి. మన సీమలో ఈ రెండో సంగతి ముఖ్యం. ఒక వర్గం మాత్రమే చేతబట్టిన పని, ఎంత మంచిదైనా, అవతలి వర్గం అడ్డుకుంటుంది. గ్రూపులు వద్దనుకున్నా ఊళ్లో ఉంటాయి. బావిలో పూడిక తీయడానికి రెండు గ్రూపుల నుంచీ చెరో పెద్దమనిషి వచ్చి గట్టున నిలబడితే, ఆ పూటకు ఊరు మారిపోతుంది.

ఇదంతా మనసు సంతోషానికే అనుకునేవాళ్లకు ఒక పరిశోధన చెబుతాను. పాట్రిక్ హిల్, నికొలస్ తురియానో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అమెరికాలో 6,000 మందికి పైగా మనుషుల వివరాలను 14 ఏళ్ల కాలానికి చూసి 2014లో ఫలితాలు ప్రకటించారు. జీవితానికి ఒక ఉద్దేశం ఉందని చెప్పినవాళ్లలో ఆ కాలంలో చనిపోయే ముప్పు తక్కువగా కనిపించింది. వయసు ఎంతన్నది, రిటైరయ్యారా లేదా అన్నది పెద్ద తేడా చేయలేదు. ఉద్దేశం ఉంటే చాలు ఆయుష్షు పెరుగుతుందని దీన్నిబట్టి హామీ ఇవ్వలేం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఉద్దేశాలు ఎక్కువ ఉండొచ్చు కూడా. కానీ పొద్దున లేవగానే ఎక్కడికో వెళ్లాల్సిన మనిషి మందులు వేళకు వేసుకుంటాడు, నడుస్తాడు, నలుగురితో మాట్లాడతాడు. ఇందులో మాయేమీ లేదు.

ఫలితం ఎప్పుడొస్తుందని అడుగుతారు. చెప్పలేం. బెలుంలో 46 మీటర్ల లోతున, గుహలన్నిట్లోకీ అడుగున, పాతాళగంగ ఉంది. సన్నటి జలధార. ఏడాది పొడవునా పారుతుంది, కాస్త దూరం కనిపించి రాళ్ల కింద మాయమైపోతుంది. అది దాదాపు రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊరి బావిలోకి చేరుతుందని స్థానికుల నమ్మకం. చెమటలు కారుతూ అక్కడిదాకా దిగినవాళ్లు ఆ నీటిని చూసి ‘ఇంతేనా’ అంటారు. ఈ గుహలన్నీ తొలిచింది నీళ్లే కదా! నల్ల సున్నపురాయిని నీళ్లు లక్షల ఏళ్లపాటు కొద్దికొద్దిగా కరిగిస్తూ పోతే ఇంత దారి ఏర్పడింది. మనకు లక్షల ఏళ్లు లేవు, పదిహేనో ఇరవయ్యో ఉన్నాయి. అవి కూడా తక్కువేం కాదు. పదిహేనేళ్లంటే ఒకటో తరగతి పిల్ల డిగ్రీ పూర్తి చేసే కాలం. ఊరి గ్రంథాలయం తాళం తీయించి, రోజూ సాయంత్రం రెండు గంటలు మీరు అక్కడ కూర్చుంటే, ఆ పిల్ల మీ కళ్ల ముందే అక్కడ చదువుకుంటుంది.

పేరు మీకు రాకపోవచ్చని ముందే మనసుకు చెప్పుకోండి. బెలుంలో ప్రతిరోజూ వందల సెల్ఫీలు దిగుతారు, నారాయణరెడ్డి గారిని తలచుకునేవాళ్లు కొద్దిమందే. మీరు పదేళ్లు తిరిగి సాధించిన బావి పునరుద్ధరణకు శిలాఫలకం మీద ఇంకెవరి పేరో ఉంటుంది. ఆ రోజు బాధ కలుగుతుంది, కలగదని నేను అబద్ధం చెప్పను. ఆ సాయంత్రం బావి దగ్గరికి ఒక్కసారి వెళ్లి, నీళ్లు తోడుకునేవాళ్లతో కాసేపు మాట్లాడి రండి.

చివరగా, మొదలుపెట్టిన రోజు నుంచే అప్పగింత గురించి ఆలోచించండి. ఫూట్ 1912లో చనిపోయాడు. ఆయన రాసిన జాబితా 1914లో, ఆ సేకరణ మీద ఆయన వ్యాఖ్యలు 1916లో అచ్చయ్యాయి. రాసి ఉంచాడు కాబట్టే మిగిలాయి. మన దగ్గర పెద్దలు పోయాక అర్జీలు, రసీదులు, బావి కొలతలు, ఎవరికి ఏం మాట ఇచ్చారు, ఇవన్నీ పాత పేపర్ల కట్టలతో పాటు కిలో లెక్కన వెళ్లిపోతుంటాయి. ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొనండి. ఎవరిని కలిశారు, ఏమన్నారు, తరువాతి అడుగు ఏమిటి అని ఏ రోజుది ఆ రోజు రాయండి, అది కూడా మరొకరు చదవగలిగే అక్షరాలతో. ఊళ్లో ఇరవై అయిదేళ్ల లోపు ఒకరిని, అమ్మాయైనా అబ్బాయైనా, ఆఫీసుకు వెళ్లేటప్పుడు అప్పుడప్పుడూ వెంట తీసుకెళ్లండి. అధికారికి వాళ్లను పేరు చెప్పి పరిచయం చేయండి. మొదటి ఏడాది మీరు మాట్లాడండి, వాళ్లు వింటారు. రెండో ఏడాది వాళ్లను మాట్లాడనిచ్చి మీరు పక్కన కూర్చోండి. నోటుపుస్తకం ఎక్కడ పెడుతున్నారో వాళ్లకు ఇప్పుడే చూపించి ఉంచండి.